సూది వేసిన తర్వాతి గంట

స్కాన్‌లో కౌసల్య ముంజేతులు రెండూ వెలుగుతున్నాయి.

మెదక్ బస్టాండు దగ్గరి క్లినిక్‌లో డాక్టర్ నిస్సి తెర మీంచి చూపు తిప్పడం లేదు. ఆరు నెలల కిందట కీమోతో లొంగిన లింఫ్ గ్రంథుల క్యాన్సర్ మళ్లీ లేచిందా? లేస్తే కీమో మళ్లీ మొదటి నుంచి.

"మళ్ల ఆ మందులు ఎక్కిస్తమంటే నేను రాను. ముందే చెప్తున్న," అంది కౌసల్య.

"నువ్వు జర ఊకో అమ్మా," అంది కూతురు వర్షిత.

"మొన్న హైదరాబాద్‌ల సూదితోని ఇచ్చింది చక్కెర లాంటి మందు," అంది డాక్టర్. "క్యాన్సర్ కణాలకు చక్కెర మీద మస్తు ఆకలి. అవి తిన్న చోట మెరుస్తది. కానీ మెడల, చంకలల్ల, పాత గడ్డలున్న చోట ఏం లేదు. చేతులే ఎందుకు? స్కాన్‌కు ముందు చాయ్ ఏమన్న తాగిండ్రా?"

"రాత్రి నుంచి ఉత్త నీళ్లే మేడం. నేనే కావలున్న," అంది వర్షిత.

"సూది వేసినంక?"

"గంటసేపు లోపల ఒక్కతే ఉంది. నన్ను రానియ్యలే."

డాక్టర్ కౌసల్య వైపు తిరిగింది. "ఆ గంట ఏం చేసిండ్రు?"

"ఏం చేస్త? పండుకున్న."

అంటూనే ఒళ్లో ఉన్న సంచిని కుర్చీ కిందికి తోసింది. వర్షిత అది చూసింది. సంచి లాగి టేబుల్ మీద బోర్లించింది.

దారంతో కట్టిన కాగితపు చుట్టల కట్ట ఒకటి దొర్లింది. సరిగ్గా ఇరవై అయిదు. పాత పేపర్‌ను తునికాకులా చింపి, చుట్టి, కొసలు మడిచి ఉన్నాయి.

ముప్పై ఏళ్లుగా బీడీలు చుడుతోంది కౌసల్య, కట్టకు ఇరవై అయిదు చొప్పున.

"కదలకుండ పండుకోమన్నరు గదనే," అంది వర్షిత.

"గంటసేపు చేతులు ఊకె ఉంటయా? పేపర్ దొరికింది. కొంగు దారం తీసిన."

"ఒక్క కట్టేనా?" డాక్టర్ అడిగింది.

"నాలుగు. మూడు ఆడ్నే చెత్తడబ్బల ఏసిన."

డాక్టర్ బొమ్మను పెద్దది చేసింది. ముద్దలా ఎక్కడా లేదు; వెలుగు కండల పొడుగునా చారలుగా సాగింది. హైదరాబాద్‌లోని స్కాన్ డాక్టర్‌కు ఫోన్ చేసి రెండు నిమిషాలు మాట్లాడింది.

"పనిచేసే కండ గూడ చక్కెర తింటది. ఆయన గూడ గదే అంటుండు. క్యాన్సర్ తిరిగి రాలే. కీమో అక్కర్లేదు."

వర్షిత కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "రెండు దినాల సంది మా పాణం తీసిందెవరో ఇప్పుడు నీ నోటితోనే చెప్పు."

కౌసల్య అరచేతులు రెండూ టేబుల్ మీద పెట్టింది.

"ఇగో, ఈ నా చేతులే మేడం."