ఒడిలో పోసిన విత్తనాలు

బూదిగుట్టలో నలభయ్యో ఇంటికి వచ్చేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఊళ్లో కూరగాయలు ఉండకూడదు. కానీ ఏ ఇంట్లో చూసినా, అంట్లు తోమే జాలాడి పక్కన బీరతీగలు, బచ్చలి, చిక్కుడు కళకళలాడుతున్నాయి.

ఉండకూడదన్నానని నన్ను తిట్టుకోకండి. మా సంస్థ మూడేళ్ల కిందట యాడికి మండలంలో రెండు ఊళ్లు ఎంచుకుంది. రాగులకుంటలో ఆడవాళ్లకు విత్తనాలిచ్చి, అంట్లు తోమిన నీళ్లతో పెరటితోట పెంచడం నేర్పాం. బూదిగుట్టలో ఏమీ చెయ్యలేదు. మూడేళ్ల తర్వాత రెండింటినీ పోల్చి చూస్తే మా పని వల్ల ఎంత మేలు జరిగిందో తేలుతుంది. తేడా బాగా కనిపిస్తే దాతలు ఇంకో పది ఊళ్లకు సాయం చేస్తారు, లేకపోతే ఇంతటితో సరి. అడగవలసిన ప్రశ్న ఒక్కటే: వారంలో ఎన్ని రోజులు కూరగాయలు తిన్నారు? మొదట్లో రెండు ఊళ్లలోనూ జవాబు ఒక్క రోజే. ఇప్పుడు రాగులకుంటలో ఐదు రోజులు. బూదిగుట్టలోనూ ఐదే!

ఆఫీసుకు ఫోన్ చేశాను. మా పై అధికారి శశికుమార్ మెత్తని మనిషి. విని నిట్టూర్చాడు.

"తేడా ల్యాకపోతే మనం చేసిందేముండాది ఈశ్వరీ? వానలు పడినాయి, అందరూ తిన్నారు అంటారు దాతలు."

"వాన యాడ పడిందన్నా?" అని విసురుగా పెట్టేశాను.

నా ముఖం చూసి ఆ ఇంటి కోడలు సువర్ణ చెంబుతో మజ్జిగ తెచ్చింది. ఈ విత్తనాలు యాడివని అడిగాను.

"మాయమ్మ ఇచ్చిందక్కా. రాగులకుంట హనుమంతమ్మ కూతుర్ని నేను."

హనుమంతమ్మా! రాగులకుంట మహిళా సంఘానికి పెద్ద ఆమే. బూదిగుట్టకు ఒక్క గింజ కూడా ఇవ్వబోమని మూడేళ్ల కిందట నాకు మాటిచ్చిందీ ఆమే. అక్కడికక్కడే స్కూటీ తిప్పాను.

ఆమె వాకిట్లో కూర్చుని శెనక్కాయలు ఒలుస్తోంది.

"ఏమత్తా, బూదిగుట్టకు విత్తనాలు ఇయ్యొద్దని చెప్పినానా లేదా?"

"చెప్పినావు. నేను యాడ ఇచ్చినా?"

"మరి సువర్ణకు ఎవరిచ్చినారు?"

"అదా! కాన్పయి అత్తగారింటికి పోతాంటే ఒడి నింపినా. బియ్యంలో నాలుగు గింజలు కలిపినా. పుట్టింటి నుంచి ఆడబిడ్డను ఉత్త ఒడితో పంపమంటావా ఏం?"

"నువ్వొక్కదానివేనా?"

"నేనొక్కదాన్నే ఎందుకుంటా? మా ఊరి ఆడబిడ్డల్ని సగం మందిని ఆ బూదిగుట్టకే ఇచ్చిండేది. అందరమూ అట్లే నింపినాము." అంటూనే ఆమె చెయ్యి ఆగిపోయింది. "ఏమ్మా, తప్పయిందా? మా వల్ల మీరు చెప్పిన ఆ పది ఊళ్లకు సాయం రాకుండా పోతాదా?"

నా కోపమంతా దిగిపోయింది. ఊళ్లు ఎంచుకునేటప్పుడు నేల చూశాం, బోర్లు చూశాం, వాన లెక్కలు చూశాం. ఏ ఊరి పిల్లను ఏ ఊరికిచ్చారో మాలో ఒక్కరమూ అడగలేదు. సిగ్గేసింది. ఆ వెంటనే నవ్వూ వచ్చింది.

మర్నాడు బూదిగుట్టలో మళ్లీ మొదటి నుంచి మొత్తం అరవై ఇళ్లూ తిరిగాను. ఈసారి ఇంకో ప్రశ్న కలిపాను: మొదటి విత్తనం మీకు ఎవరిచ్చారు? ముప్పై నాలుగు ఇళ్లలో రాగులకుంట నుంచి వచ్చిన కోడలు తెచ్చిందన్నారు. ఇరవై రెండు ఇళ్లకు పక్కింటి నుంచి వచ్చింది. నాలుగిళ్లవాళ్లు సంతలో కొనుక్కున్నారు. ఉన్నది ఉన్నట్టు రాసి పంపాను. శశికుమార్ చదివి, మనం అడుగు పెట్టని ఊళ్లో కూడా మన పని నడిచిందని దాతలకు వివరించాడు. రెండు నెలలకు పది ఊళ్లకూ సరేనన్నారు. అయితే పోల్చి చూసే ఊరికీ వాటికీ ఈసారి వియ్యాలు ఉండకూడదట. అలాంటి ఊరిని విడపనకల్లు వైపు వెతికి, అక్కడే ఉండి చూసుకునే పని నాకే తగిలించారు.

వెళ్లేముందు హనుమంతమ్మకు చెప్పి వద్దామని పోయాను. పది ఊళ్ల సంగతి విని ఆమె గట్టిగా ఊపిరి పీల్చుకుంది. లోపలికి పోయి చేట నిండా బియ్యం తెచ్చి, నన్ను పీట మీద కూర్చోబెట్టి కొంగు పట్టమంది. మా అమ్మ పోయి ఆరేళ్లయింది. ఆ తర్వాత నా ఒడి నింపినవాళ్లు లేరు. కళ్లల్లో నీళ్లు ఆగలేదు.

తుడుచుకుని చూస్తే బియ్యం మధ్య నల్లగా చిక్కుడు గింజలు.

"అత్తా! మేం ఏమీ ఇయ్యకుండా పోల్చి చూసే ఊళ్లోనే నాకు అద్దె ఇల్లు దొరికింది."

"అయితే ఏరి పారెయ్యమంటావా?"

నేను కొంగు గట్టిగా ముడేసుకున్నాను.

"వద్దులే. విత్తనం ఎవరిచ్చినారనే ఆ రెండో ప్రశ్న ఈసారి మొదటి రోజే అడుగుతా."