ఇల్దికో పిన్నికి తీయని తలుపు

అణు విద్యుత్ కేంద్రాలకు కాపలా కాసేవాళ్లకు డాన్యూబ్ నది ఒడ్డున మా శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పేది, మేమంతా పిన్ని అని పిలిచే ఇల్దికో. ఆవిడ సంతకం చేసిన పత్రం ఏ దేశంలోనైనా చెల్లుతుంది. దానికోసమే నేనూ చేరాను.

పరీక్ష రోజు పొద్దున్నే ఆవిడ రెండు చేతులా గసగసాల రొట్టెల పళ్లెం పట్టుకుని నా వెనకే వచ్చింది. ఆడవాళ్లకు తలుపు తెరిచి పట్టుకోనివాణ్ణి మా హంగరీలో ఎవరూ మనిషిగా లెక్కచేయరు. నా కార్డుతో తలుపు తెరిచి, "రా పిన్నీ" అన్నాను.

ఆవిడ లోపలికొచ్చి పళ్లెం బల్ల మీద పెట్టింది.

"పరీక్ష తప్పావు బాబూ. నా కార్డేదని అడిగావా?"

నాకు ఒళ్లు మండింది. "మర్యాద చేస్తే తప్పా? మా అమ్మ నేర్పిందిదే!"

"మీ అమ్మొచ్చినా కార్డు అడగాలి. రొట్టె తిని వెళ్లు, రేపు మళ్లీ రా."

మర్నాడు నన్ను ఆ తలుపు దగ్గరే కాపలా పెట్టారు. జోరువానలో పిన్ని మళ్లీ పళ్లెంతో వచ్చింది.

"కార్డు, పిన్నీ."

ఆవిడ ఒక చేత్తో జేబులు తడుముకుంది. "ఇంట్లో మరిచిపోయానురా."

"నాతోనా నాటకాలు! పళ్లెం ఇటివ్వు, పట్టుకుంటాను. తలుపు మాత్రం తీయను."

ఆవిడ పళ్లెం నా చేతిలో పెట్టి వానలోనే వెనుదిరిగింది. గంట తర్వాత నిలువునా తడిసి వచ్చి, కార్డు చూపించి, లోపల అడుగుపెట్టగానే నా పత్రం మీద సంతకం చేసింది.

"ఎంత బాగా నటించావు పిన్నీ!"

"నటనేంట్రా వెధవా," అంది జుట్టు పిండుకుంటూ. "నిజంగానే మరిచిపోయాను."