మామగారి ఇంజన్ గొంతు

నా భర్త లైల్‌కు బతకాలన్న ఆశ చచ్చిపోతుందేమోనన్నదే నాకున్న అన్నిటికన్నా పెద్ద భయం. మా పాప జూనీకి పద్నాలుగు నెలలు. దానికి జ్వరమొస్తే ఏం చేయాలో నాకు తెలుసు. లైల్ విషయంలో తెలియడం లేదు.

మా మామగారు హార్లన్ యాభై ఏళ్ల కిందట మా ఊరి ఫ్యాక్టరీలో సేబర్ కార్లకు ఇంజన్లు ఎక్కించేవారు. తన చేత్తో ఎక్కించిన వాటిలోనే నారింజ రంగుది ఒకటి కొనుక్కున్నారు. పోతూ పోతూ దాన్ని లైల్‌కు ఇచ్చారు. ఇంజన్ దిమ్మ మీద కొట్టిన నంబరూ బాడీ మీద నంబరూ ఒకటే. మా మిషిగన్‌లో పాతకారుకు పరువంతా ఆ నంబరులోనే ఉంటుంది. ఇంజన్ మార్చిన కారు ఎంత తళతళలాడినా, "ఎవడి గుండె తెచ్చి పెట్టావురా దీనికి?" అని నవ్వుతారు.

మూడేళ్ల కిందట కంపెనీ సేబర్‌ను మళ్లీ తెస్తామంది. పైకి అదే ముక్కు, అదే నడుం. లోపల మాత్రం బ్యాటరీ. లైల్‌కు అందులో తలుపులు బిగించే పని దొరికింది. చప్పుడు చేయని సేబర్‌ను ఎవరూ కొనరనుకున్నారు కాబోలు, వెనక బంపర్ కింద స్పీకర్ పెట్టి పాత ఇంజన్ మోత వినిపించాలని చూశారు. ఆ మోత కోసం మా ఇంటికే వచ్చారు.

మార్గో అనే ఇంజనీరమ్మ పొగగొట్టాల దగ్గర మైకులు పెట్టింది. మామగారితో కలిసి పనిచేసిన పక్కింటి గస్ బాబాయ్ కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చున్నాడు. లైల్ రెండుసార్లు పెడల్‌ను చివరిదాకా తొక్కాడు. అప్పటికింకా నా కడుపులో ఉన్న పాప ఉలిక్కిపడింది.

"ఇంకొక్కసారి. మీటరు ముల్లు ఎర్రగీత దాటాలి," అంది మార్గో.

"వద్దురా లైల్! ముసలిదిరా అది. ఈ వయసులో నన్ను పరుగుపందెంలో దించినట్టుంటుంది," అన్నాడు గస్ బాబాయ్.

"నిన్నెవరు దించుతార్లే బాబాయ్, కుర్చీలోంచి లేవడానికే నీకు గంట కావాలి," అని లైల్ నవ్వాడు. "నాన్న గొంతు దేశమంతా వినపడాలి. కానివ్వండి మేడమ్!"

మూడోసారి లోపల ఏదో విరిగింది. ఒక కడ్డీ దిమ్మను పొడుచుకుని బయటికొచ్చింది. పిడికిలంత కన్నం. నల్లటి ఆయిల్ వాకిలంతా పారింది. మార్గో చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి, "క్షమించండి," అంది. మైకులు సర్దుకుంటూ, "మోత మాత్రం బాగా దొరికింది," అని కూడా అంది.

వేరే ఇంజన్ పెట్టిస్తామని కంపెనీవాళ్లన్నారు. లైల్ ఒప్పుకోలేదు. నంబరున్న దిమ్మ పగిలాక ఏది పెట్టినా అది నాన్న కారు కాదన్నాడు. గస్ బాబాయ్‌దీ అదే మాట. "ఇనుమే కదా, ఎందుకంత!" అన్నది నేనొక్కదాన్నే. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ కుమిలిపోతున్నాను.

కొత్త సేబర్ అమ్ముడుపోలేదు. ఆగస్టులో పాతకార్లన్నీ రోడ్డెక్కే రోజున లైల్ కొత్త సేబర్ ఒకటి కంపెనీని అడిగి తెచ్చి నడిపాడు. రోడ్డు పక్క కూర్చున్నవాళ్లు, "ఒరేయ్, ఆ రేడియో ఆపరా!" అని అరిచారు. అరిచినవాళ్లంతా హార్లన్ కారును ఎరిగినవాళ్లే. జనవరిలో రెండో షిఫ్టు ఎత్తేశారు. లైల్ పని పోయి ఇంటికొచ్చాడు.

ఇక రోజూ కార్లమ్మే షోరూముకు పోవడం, అమ్ముడుపోని సేబర్‌లో కూర్చుని పెడల్ తొక్కడం. అక్కడ అమ్మకాలు చూసే రస్టీ ఒకరోజు ఫోన్ చేశాడు.

"కెండ్రా, మీ ఆయన మళ్లీ వచ్చాడు. కొనేవాళ్లు బెదిరిపోతున్నారు. కొనేవాళ్లెక్కడ ఏడ్చార్లే గానీ, వచ్చి తీసుకుపో తల్లీ."

పాపను చంకనేసుకుని వెళ్లాను.

"విను," అన్నాడు లైల్. "ఇది మూడోసారిది. విరగడానికి ముందు."

"ఇంటికి పద. పాప చేతులు చాపుతోంది, చూడు."

"ఇది విరగదు కెండ్రా. ఎంత తొక్కినా విరగదు."

పాప వైపు చూడలేదు. చూస్తాడని నేను చాలాసేపు నిలబడ్డాను.

పోయిన గురువారం మిగిలిన సేబర్లన్నిటినీ లారీకెక్కించి వేలానికి పంపేశారు. ఎక్కడికని అడిగితే రస్టీ ఒకసారి ఒహాయో అన్నాడు, ఇంకోసారి ఇండియానా అన్నాడు. లైల్ మా పికప్ బండిలో ఆ లారీ వెనకే వెళ్లాడట. కోటు కొక్కేనికే ఉంది. ఫోన్ వంటింట్లో ఉంది. పెద్దవాడు, తన ఇష్టంతోనే వెళ్లాడు కదా అని పోలీసులు రాసుకుని ఊరుకున్నారు. గస్ బాబాయ్ రెండ్రోజులు రోడ్లన్నీ తిరిగొచ్చి, టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. లైల్ జాడ దొరకలేదు. తిరిగొస్తాడని అనుకోవడం మానేశాను. ఎక్కడో ఒకచోట బతికుంటే చాలు.

మీ ఊరి దగ్గర అమ్ముడుపోని కార్లు నిలిపే స్థలం ఉంటే, ఒకసారి అటు వెళ్లండి. కదలని కారులోంచి ఇంజన్ మోత వస్తుంటే అద్దం మీద తట్టండి. ముప్పై రెండేళ్లు, ఎర్రటి గడ్డం, ఎడమ బొటనవేలికి గోరుండదు. పిలిస్తే వెంటనే పలకడు, మళ్లీ పిలవండి. ఎలా ఉన్నాడో చూడండి.