క్రేను దిగనన్న చెల్లెలు

నాన్న క్రేను క్యాబిన్లోనే గుండె ఆగి పోయాడు. అయినా చెల్లెలు ఆ పనే పట్టుకుంది. సైటులో అందరూ ఆమెను గద్దమ్మ అంటారు. కింద నిలబడి వాకీటాకీలో ఆమెకు దారి చెప్పేది సూపర్‌వైజరు, ఆమె సొంత అన్నయ్య. నాన్న పోయిన నాటి భయం అతన్ని ఇంకా వదల్లేదు.

కంపెనీ అందరికీ జన్యు పరీక్ష చేయించింది. కొలెస్ట్రాల్ పెరిగే, గుండెజబ్బు వచ్చే ముప్పు పుట్టుకతోనే ఎంత ఉందో ఒక్క స్కోరులో చెప్పే పరీక్ష. చెల్లెలికి బాగా ఎక్కువ వచ్చింది, అన్నయ్యకి బాగా తక్కువ.

"ఒక్క కడుపున పుట్టినవాళ్లకి ఇంత తేడా ఏంటండీ?" అంది గద్దమ్మ.

"పేకముక్కలు పంచినట్టేనమ్మా, ఎవరి చేతికి ఏవొస్తే అవి," అన్నాడు డాక్టరు.

ఆమె నోరు కట్టుకుని మాత్రలు మొదలుపెట్టింది. అన్నయ్య మాత్రం కాలరెగరేసి, క్యాంటీన్లో వేయించిన మాంసం రెండేసి పళ్లేలు లాగించసాగాడు. కొన్నాళ్లకి ఓ పొద్దున క్రేను తాళంచెవి జేబులో వేసుకుని నిచ్చెనకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఇక నువ్వు స్టోర్లో కూర్చో. ఆ స్కోరు చూశాక కూడా నిన్ను పైకి పంపనా?"

గద్దమ్మకి ఒళ్లు మండింది. "స్కోరు చూసి నన్ను కింద కూర్చోబెడతావా? నాకు పుట్టుకతో ఏమొచ్చిందో అది చెప్పింది. ఇవాళ నా రక్తంలో ఏముందో చూపిస్తా పద. నువ్వూ చెయ్యి చాపాలి."

"నాకెందుకు? నాది తక్కువేగా."

"భయమా?"

ఆ మాటతో ఆయనగారికి రోషం పొడుచుకొచ్చింది. ఇద్దరూ రక్తం ఇచ్చారు. గద్దమ్మ ట్రెడ్‌మిల్ మీద పరుగు కూడా తీసింది.

మర్నాడు డాక్టరు, "కొలెస్ట్రాల్ అదుపులో ఉంది, గుండె బాగుంది. నిక్షేపంగా ఎక్కమ్మా," అన్నాడు. తర్వాత అన్నయ్య వైపు తిరిగి కళ్లజోడు తీశాడు. "నీదే చాలా ఎక్కువుంది. మాత్రలు తప్పవు."

"నా స్కోరు తక్కువ కదండీ!"

"తక్కువ ముప్పంటే అసలు లేదని కాదయ్యా. పుట్టుక ఇచ్చిన వెసులుబాటంతా నువ్వు తినేశావు."

అన్నయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎగతాళి చేద్దామని వచ్చిన గద్దమ్మకి నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. "కింద నువ్వు లేకపోతే నేను పైకెక్కి ఎవరి మాట వినాలిరా?" అని అరిచి, చెయ్యి చాపింది. అతను జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చేశాడు.

మరుసటి పొద్దున క్యాబిన్లో వాకీటాకీ గరగరమంది.

"మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నా. నువ్వు?"

అన్నయ్య మాట దాటేశాడు.

"లోడు కట్టేశాం, ఎత్తు!"

గద్దమ్మ హుక్కు కదపలేదు. కింద కూలీలంతా తలెత్తి చూస్తున్నారు. అన్నయ్య పళ్లు కొరుక్కుని, జేబులోంచి మాత్ర తీసి, పైకెత్తి చూపించి, నోట్లో వేసుకున్నాడు.

అప్పుడు లేచింది లోడు.