ఉయ్యాల్లో ఫోను

బుక్కరాయసముద్రం బస్టాపు పక్కన సెల్ రిపేరు కొట్టు పెట్టుకున్న శశికుమార్‌కు చెయ్యి మంచిదని పేరు. ఆ పేరు వినీ వినీ, తను వేసిన సామానులో తప్పుండదనే నమ్మకం అతనికి కాస్త ఎక్కువగానే ఒంటబట్టింది.

అదే ఊళ్లో ఉండే, ఇల్లు అతనెరిగిన మారెమ్మ ఫోనుకు కొత్త బ్యాటరీ వేసింది అతనే. వారం తిరక్కుండానే ఆమె మళ్లీ వచ్చింది. పాట నడుస్తూ నడుస్తూ ఫోను ఆగిపోతోందట, కాసేపటికి తనంతట తానే వెలుగుతోందట. కూతురు సువార్త అనంతపురంలో బట్టల కొట్లో పనికి పోతే, పాలు తాగే మనవరాలిని చూసుకునేది మారెమ్మే. ఫోను చార్జరుకు తగిలించి, చీర ఉయ్యాల్లో బిడ్డ తలాపున పెట్టి, యేసయ్య పాటలు పెట్టి, తను వాకిట్లో కూర్చుని కూలికి చెనక్కాయలు ఒలుస్తుంది. పాట ఆగితే బిడ్డ లేస్తుంది. బిడ్డ లేస్తే పని సాగదు.

ఇదంతా ఆమె విడమరిచి చెప్పింది. శశికుమార్ చెవికెక్కింది మాత్రం ఆగిపోతోందన్న ముక్క ఒక్కటే. చార్జింగ్ పిన్ను తుడిచాడు, మెమరీ కార్డు మార్చాడు, సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించాడు. ఫోనులో పాతవాటన్నిటినీ అనుమానించాడు గానీ, కొత్త బ్యాటరీ జోలికి పోలేదు. తను వేసిందాయె! రెండోసారి వచ్చినప్పుడు ఫోను కాలుతోందని కూడా చెప్పిందామె. మన ఎండలకు కాలనిదేముందని నవ్వేశాడు.

మూడోసారికి అతనికి పట్టుదల వచ్చింది. బ్యాటరీ బాగా వేడెక్కితే ఆ సంగతి ఫోనుకు చెప్పి ఆపించే సన్నటి తీగ ఒకటుంటుంది. ఆ తీగే తప్పు చెబుతోందని తేల్చేశాడు. దాన్ని కత్తిరించి, ఎప్పుడూ చల్లగానే ఉందని చెప్పే చిన్న ముక్కొకటి అతికించాడు. పాటలు పెట్టి చూస్తే ఒక్కసారి కూడా ఆగలేదు. మారెమ్మ సంబరంగా తీసుకుపోయింది. ఇతను మీసం మెలెయ్యడం ఒక్కటే తక్కువ.

మర్నాడు మధ్యాహ్నం ఆటో నడిపే కుళ్ళాయప్ప తన ఫోను తెచ్చాడు, అద్దం పైకి లేస్తోందని. మారెమ్మ ఫోనుకు వేసిన డబ్బాలోని బ్యాటరీయే ఆమధ్య దీనికీ వేసి ఉన్నాడు శశికుమార్. వెనక మూత ఊడదీశాడు. బ్యాటరీ పూరీలా పొంగి ఉంది.

అప్పుడర్థమైంది. మారెమ్మ ఫోను చెడిపోయి ఆగలేదు. లోపల బ్యాటరీ కాగిపోతుంటే భయపడి ఆగుతూ వచ్చింది. దాని నోరు తను నొక్కేశాడు. ఇక అది ఎంత కాలినా ఆగదు. చీర మడతల్లో, పసిబిడ్డ తలాపున, పాడుతూనే ఉంటుంది.

ఫోను చేసి చెబుదామంటే ఆ ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఫోనే, చేస్తే ఆ కాలేదాన్నే చెవికి ఆనించుకుంటుంది. ఏమైందప్పా అని కుళ్ళాయప్ప అరుస్తున్నా వినకుండా, కొట్టు తెరిచిపెట్టి బండెక్కాడు. దారిలో ఎవరు ఎదురొచ్చారో, ఎలా పోయాడో అతనికే తెలీదు.

మారెమ్మ వాకిట్లో చాట ముందేసుకుని ఉంది. లోపల్నుంచి పాట వినబడుతోంది. ఆమెను దాటుకుని లోపలికి దూకాడు. ఉయ్యాల్లో పెట్టిన చెయ్యి చుర్రుమంది. వైరుతో సహా ఫోను లాగి వాకిట్లోకి విసిరేశాడు. మట్టిలో పడి కూడా అది పాడుతూనే ఉంది. తర్వాత బుస్సుమని పొగ, పొగ వెనకే మంట. పాట ఆగిపోయింది. బిడ్డ లేచి ఏడుపందుకుంది.

మారెమ్మ బిడ్డను ఎత్తుకుని ఒళ్లంతా తడిమింది. ఒక చెవి కందింది, అంతే. ఆమె వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

“దేవుడే నిన్ను పంపించినాడు నాయనా.”

అరచేయి బొబ్బలెక్కి మండుతోంది. ఆ మాట అంతకన్నా ఎక్కువ మండించింది. నోరు మూసుకుని పోతే ఎవరికీ తెలీదు. అయినా ఉండబట్టలేక చెప్పేశాడు, నాసిరకం బ్యాటరీల సంగతీ, తీగ కత్తిరించిన సంగతీ.

ఆమె చెయ్యి వదిలేసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండుననిపించింది అతనికి.

“కాలుతాండాదని చెప్తే నవ్వితివి కదప్పా,” అంది. బిడ్డను భుజాన వేసుకుని, ఇంకా ఆరని మంట వైపు చూస్తూ అడిగింది. “ఆ డబ్బాలోవి ఇంగ ఎవరెవరికి ఏసినావు?”

డబ్బా ఎప్పుడో ఖాళీ అయింది. వేయించుకున్నది బస్సు దిగి వచ్చేవాళ్లు, బస్సెక్కి పోయేవాళ్లు. ఏ ఊరని ఎవర్నీ అడిగిన పాపాన పోలేదు. ముఖాలు ఒక్కొక్కటే కళ్లముందుకు వస్తున్నాయి గానీ, ఒక్క పేరూ తోచడం లేదు.

“తెలీదమ్మా,” అన్నాడు.

“అట్లయితే ఇంగా ఈడేం చేస్తాండావు?” అంది మారెమ్మ. “పో.”