తడిక అవతలి పుట్టిల్లు

నా నోరు మంచిది కాదు. మా అమ్మ నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఈ మాట అంటూనే ఉండేది. మా ఆయన బతికున్నన్నాళ్లూ అన్నాడు. ఇప్పుడు నా కోడళ్లు అనలేక ఊరుకుంటున్నారు. ఆ నోటితో అన్న మాటల్లో ఒక్కదాన్ని వెనక్కి తీసుకోనిస్తానంటే, మా వజ్రమ్మ వదినను అన్న మాటే తీసుకుంటాను.

అది అరవై అయిదో సంవత్సరం. నాకు ఇరవై ఏళ్లు, తొలిచూలు. ఏడో నెల రాగానే మా అమ్మ వెంకటశేషమ్మ చలిమిడి చేసుకుని మా అత్తగారి ఊరు వచ్చింది. దాన్ని నా ఒళ్లో పెట్టి, బొట్టు పెట్టి, పురిటికి పిలుచుకొచ్చింది. దొరవారిసత్రంలో రైలు దిగి ఎడ్లబండిలో మా ఊరు చేరేసరికి పొద్దు వాలింది. ఉప్పునీటి చెరువు మీది గాలి ముఖానికి తగలగానే ప్రాణం లేచొచ్చింది. ఇంక అయిదారు నెలలు కూర్చున్న చోటికి కంచం వస్తుందని మురిసిపోయాను.

ఇంట్లో అడుగు పెడితే ఎదురుగా వదిన. తనకు ఆరో నెల.

మా అన్న పెంచలయ్య పదహారో ఏట రంగూన్ పోయి బియ్యం మిల్లులో కుదురుకున్నాడు. వదినను అక్కడే చేసుకున్నాడు. ఆమె తండ్రి మన తెలుగు మేస్త్రీ, తల్లి బర్మా మనిషి. తండ్రి పోయాడు. అక్కడ మనవాళ్లకు బతుకుతెరువు లేకుండా పోయి అందరూ ఓడలెక్కుతుంటే, అన్న కూడా అంతకు ముందటేడు వదినతో మద్రాసులో దిగాడు. తల్లి చిన్నపిల్లలతో అక్కడే ఉండిపోయింది. ఉత్తరం వేస్తే ఎన్నాళ్లకు అందుతుందో, అసలు అందుతుందో లేదో తెలియదు.

వదిన నిమ్మపండు ఛాయలో, చిన్న కళ్లతో, నవ్వితే ఆ కళ్లు కూడా కనిపించకుండా ఉండేది. మాట మాత్రం తెలుగే. నా మూటలో మిగిలిన చలిమిడి ముద్ద చూసి "ఇదేంది మాలకొండమ్మా?" అని అడిగింది.

అడగడమే పాపం, నేను పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. కడుపుతో ఉన్న పిల్లకు పుట్టింటివాళ్లు చలిమిడి తేవాలి, అది తింటే కడుపు చల్లగా ఉంటుంది, తెచ్చినాక పిల్లను తమ ఇంటికి పిలుచుకుపోయి తొలికాన్పు తామే చెయ్యాలి, పిల్లకు మూడో నెల నిండాక సారె పెట్టి పంపాలి.

వదిన అంతా విని, "మా అమ్మ దేశంలో ముందు చలవ చెయ్యరు. కన్నాక వేడి చేస్తారు" అంది. కాన్పు కాగానే ఒళ్లంతా పసుపు పూసి, దుప్పట్లు కప్పి, ఇటుకరాయి నిప్పుల్లో కాల్చి, గుడ్డల్లో చుట్టి పొత్తికడుపు మీద పెడతారట. ఏడు రోజులు చెమట పట్టాల్సిందేనట. "మా నాయన భాషలో బాలింత. మా అమ్మ భాషలో మీనే. నిప్పు దగ్గరుండే మనిషి అని" అంది. బిడ్డకు పేరు కూడా పుట్టిన వారాన్ని బట్టి ఫలానా అక్షరంతో పెట్టాలట. తల్లి తన చిన్న తమ్ముణ్ణి కన్నప్పుడు ఇటుకలు కాల్చి అందించింది తనేనని చెబుతూ చెబుతూ వదిన ఆగిపోయింది. అప్పుడైనా ఆ పిల్ల మనసు నాకు తెలియాలి. నేను మాత్రం "కడుపు మీద ఇటుకలా, ఇల్లు కడతారా ఏంది?" అని పకపకా నవ్వాను.

మూడో రోజు మంత్రసాని ముసలమ్మ వచ్చింది. మా ఊళ్లో సగం మంది బొడ్డు కోసింది ఆమే. నా కడుపు చూసింది, వదిన కడుపు చూసింది, వక్క నోట్లో వేసుకుని తీర్పు చెప్పింది.

"శేషమ్మా, ఒకే ఇంట్లో రెండు పురుళ్లు పోసుకోకూడదు. బాలింతా బాలింతా ఎదురుపడితే పసిబిడ్డలకు మంచిదిగాదు. ఒకరు యాడికన్నా పోవాల."

అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉంది. ఎవరు పోవాలో తేల్చడం ఆమెకు చాతకాలేదు. ఆమె నోట వెంటనే "మాలకొండమ్మ ఉంటుంది" అన్న మాట రాకపోయేసరికి నాకు ఒళ్లు మండింది.

"ఇందులో ఆలోచించేదేముండాది?" అన్నాను. "తొలికాన్పుకు ఎవరైనా పుట్టింటికే పోతారు. నేను నా పుట్టింటికి వచ్చినా. దానికి పుట్టిల్లు లేకపోతే నేనేం జేసేది?"

రోలు దగ్గర పచ్చడి నూరుతున్న చప్పుడు ఆగింది. వదిన అక్కడే ఉందన్న సంగతి నాకు తెలుసు. తెలిసే అన్నాను. కాసేపటికి ఆ చప్పుడు మళ్లీ మొదలైంది. అమ్మ నా వైపు చూసిన చూపుకు నేను తల వంచుకోవాల్సింది, కానీ వంచుకోలేదు. ఆ పూట వదిన అన్నం తినలేదు.

నాలుగు రోజులు గడిచాయి. శుక్రవారం పొద్దున అమ్మ, నేను వసారాలో కూర్చుని ఉన్నాం. అమ్మ చేట పట్టుకుని ఉంది. వీధి గుమ్మం ముందు వదిన కనిపించింది. రంగూన్ నుంచి తెచ్చుకున్న ఒకే ఒక్క పట్టుచీర కట్టుకుంది. చేతిలో ఇత్తడి పళ్లెం, దానిమీద తెల్లగుడ్డ. పెరటి దోవన బయటికి పోయి, సందు చుట్టి, ముందువైపుకు వచ్చింది. తెల్లవారుజాము నుంచీ వినిపించిన దంపుడు చప్పుడు ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది.

గడప అవతలే నిలబడి, గోడకేసి చూస్తూ, "మా అమ్మ చలిమిడి పంపించింది" అంది.

అంత గర్వం ఉన్న మనిషి అబద్ధమాడుతుంటే చూడలేకపోయాను. చలిమిడి ఎవరికి వాళ్లు చేసుకునేది కాదని ఎవరైనా నవ్వితే ఆ పిల్ల ఏమైపోతుంది? నవ్వడానికి పేరుపడిన దాన్ని నేనే, నాకు నవ్వు రాలేదు.

అమ్మ చేట కింద పెట్టింది. లేచి, చేతులు పమిటకు తుడుచుకుని, లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. దూరాన్నుంచి వచ్చిన చుట్టానికి ఇచ్చినట్టు కాళ్లకు నీళ్లిచ్చింది.

"అమ్మ బాగుండాదా?" అని అడిగింది.

వదిన తడబడింది. "బాగుండాది."

"తమ్ముళ్లూ?"

"బాగుండారు."

"అంత దూరం నుంచి పంపించింది. లోపలికి రామ్మా, ఎండగా ఉండాది."

పీట వేసి కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, పళ్లెంలోంచి ముద్ద తీసి వదిన ఒళ్లో పెట్టింది. తనూ ఇంత నోట్లో వేసుకుని నమిలింది. పాకం ముదిరి అది రాయైపోయి ఉంది. అమ్మ పళ్లు కూడదీసుకుని నమిలి నమిలి మింగి, "మీ అమ్మ బెల్లం ముదరబెట్టింది. ఈసారి పంపేటప్పుడు లేతపాకంలో చెయ్యమని చెప్పు" అంది. వదిన ఫక్కున నవ్వింది. నవ్వుతూనే మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. అమ్మ ఆ తల మీద చెయ్యి వేసింది.

ఆ మధ్యాహ్నమే అమ్మ నడుం బిగించింది. మా ఇంటి వెనకవైపు గాదెలుండే గది ఒకటి. దానికి పెరట్లోకి వేరే గుమ్మం ఉంది. గాదెలు బయట పెట్టించి, అలికి, ముగ్గు వేసి, మా గదికీ దానికీ మధ్య నిండా తాటాకు తడిక కట్టించింది. వదిన మూట తనే మోసుకుపోయి అందులో పెట్టింది.

"ఇది నీ పుట్టిల్లు. ఈ తడిక ఇవతల ఉన్నంతసేపు నేను నీకు అమ్మను. అత్తా అనబాక."

ముసలమ్మ వచ్చి నోరు చేసుకోబోతే, "రెండిళ్లు ముసలమ్మా. మధ్యన తడిక కనపళ్లేదా?" అంది.

ఇంకో చిక్కు మిగిలింది. పురిటికి పుట్టింటికి వచ్చిన పిల్లతో మొగుడు కూడా ఉంటాడా? అమ్మ మా అన్నను పిలిచి, "నువ్వు కళ్లం దగ్గర పాకలో పడుకో. ఆదివారం ఆదివారం రా" అని పక్కబట్టలు చేతికిచ్చింది. పాపం వాడు కన్నతల్లి ఇంటికి వారానికోసారి చుట్టంగా వచ్చేవాడు. పెరటి గుమ్మం దగ్గర అమ్మ వాడికి కాళ్లకు నీళ్లిచ్చి, "అల్లుడు వచ్చినాడు, చాప వెయ్యండి" అనేది. వాడు సిగ్గుతో చచ్చిపోతూ చాప చివర కూర్చుంటే, తడికకు ఇటువైపు నేనూ అటువైపు వదినా నోళ్లకు గుడ్డలు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లం. ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా ఇద్దరం కలిసి నవ్విన మొదటిసారి అదే.

అయినా నా మనసులో ముల్లు పోలేదు, దాచడమెందుకు. నా అమ్మ. నా పుట్టిల్లు. సగానికి తడిక కట్టి ఎవరికో ఇచ్చేస్తే కడుపు రగలదా? అమ్మ అటు పోయి వచ్చేదాకా మాటలు లెక్కపెట్టుకుంటూ పడుకునేదాన్ని.

నాకు మగబిడ్డ పుట్టాడు. మూడో వారం నడుస్తుండగా, ఒక సోమవారం మిట్టమధ్యాహ్నం, వదినకు ఆడపిల్ల పుట్టింది. బిడ్డ కేరుమన్న చప్పుడు విని నేను మంచం మీదే దేవుడికి దండం పెట్టుకున్నాను. తర్వాత మొదలైంది రభస.

"పిల్లా, మీ అమ్మ ఇప్పుడేం జేస్తుంది?" అని అమ్మ వదినను అడిగింది.

వదిన నీరసంగా చెప్పింది. పసుపు. దుప్పట్లు. ఇటుక.

"ఇటుకేంది?" అని ముసలమ్మ లేచింది. "నలభై ఏళ్లు పురుళ్లు పోసినా. ఇట్టాంటి చోద్యం నేను చూళ్లేదు. కాయం మందు పెట్టి, కింద కుంపటి పెడితే సరిపోదా?"

"నా కూతురికి అట్టాగే చేసినావు, నేనేమన్నా అన్నానా?" అంది అమ్మ. "ఈ పిల్లకు నేను వాళ్లమ్మ బదులు చేస్తా ఉండా. వాళ్లమ్మ ఎట్టా చేసేదో అట్టాగే చెయ్యాల. కుంపటి వేడీ ఇటుక వేడీ వేరేనా? రాయి అందుకో."

ముసలమ్మ గొణుక్కుంటూనే రాయి అందుకుంది. ఇటుక చుట్టిన తడిగుడ్డ చుయ్యిమనడం, పచ్చిపసుపు వాసన, తడిక సందుల్లోంచి అన్నీ నా దాకా వచ్చాయి. అమ్మ మోచేత్తో వేడి చూసి, "చాలా? ఇంకొంచెం పక్కకా?" అని అడగడం వినిపించింది. తర్వాత వదిన ఏదో గొణిగింది. "అమే" అంది. బర్మా భాషలో అమ్మ అని. ఆ పిలుపుకు మా అమ్మ "ఆఁ, ఈడే ఉండా" అని బదులు పలికింది.

నా బాధ ఇంకొకటి. మన పద్ధతిలో బాలింతకు నీళ్లియ్యరు. బిడ్డకు జలుబు చేస్తుందని రోజుకు రెండు గుక్కల వేన్నీళ్లు. ముద్ద గొంతు దిగేందుకు పాలసొర చేప కూరలో పులుసైనా వెయ్యమంటే వేపుడే పెట్టేవాళ్లు. ఆ వేసవిలో నా నాలుక అట్టకట్టుకుపోయింది. తడిక అవతలేమో, చేపముక్క వేసి మిరియాలతో కాచిన వేడి చారు గిన్నెలకు గిన్నెలు. చెమట పట్టాలంటే తాగాలట. వాళ్ల దేశపు పద్ధతి. ఆ జుర్రుకునే చప్పుడు వింటూ నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను.

మర్నాడు అమ్మ చేపల కోసం రేవుకు పోయింది. తడిక అడుగున ఏదో గీసుకున్న చప్పుడైంది. చూస్తే, నేలకూ తాటాకుకూ మధ్య ఉన్న సందులోంచి ఒక గిన్నె ఇటువైపుకు జరుగుతోంది. దాన్ని నెట్టే చెయ్యి పసుపుతో ముంచి తీసినట్టుంది.

"మాలకొండమ్మా," అంది వదిన మెల్లగా. "నీళ్లు అడుగుతా ఉండావు రాత్రంతా. ఇది తాగు. మా అమ్మ చేసే చారు. బిడ్డకేం కాదు, మా తమ్ముళ్లంతా బాగానే ఉండారు."

తాగాను. ఘాటుకు కళ్లనీళ్లు వచ్చాయి. ఘాటుకేనని అనుకుందామనుకున్నాను, కుదరలేదు.

"వదినా, ఆరోజు నేనన్న మాట..."

"తాగినాక గిన్నె ఇటు తొయ్యి. అమ్మ వస్తుంది" అంది.

అమ్మ వస్తుంది అంది. మీ అమ్మ అనలేదు, అత్త అనలేదు. ఆ తర్వాత నాకు ముల్లు గుచ్చుకోలేదు. రోజూ గిన్నె వచ్చేది. మా అమ్మకు తెలియదనుకున్నాం కానీ, మూడో రోజు నుంచీ చారు రెండింతలు కాచేది.

పాపకు పేరు పెట్టేటప్పుడు అమ్మే అడిగింది, సోమవారానికి ఏ అక్షరమని. క అని చెప్పింది వదిన. మా అమ్మ కన్నతల్లి పేరు కామమ్మ. రెండు దేశాలకూ సరిపోయిందని అమ్మ పొంగిపోయింది.

కామమ్మకు మూడో నెల నిండింది. మర్నాడు నేను మా అత్తగారింటికి పోవాలి. ఆ పూటే వదినను కూడా పంపాలని అమ్మ పట్టుబట్టింది. కొత్తచీర, పసుపుకుంకుమలు, బిడ్డకు మొలతాడు, బుట్టెడు సారె. పెరటి గుమ్మంలో నిలబెట్టి ఒడి నింపి, "జాగ్రత్త తల్లీ, ఆడ నీళ్లు తొందరపడి తోడబాక" అంటూ నిజంగానే భోరుమంది. పోయేది సందు చుట్టి ముందు గుమ్మానికి. నలభై అడుగులు. అయినా ఏడ్చింది. వదినా ఏడ్చింది. మా అన్న సారె బుట్ట నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు.

అమ్మ పెరట్లోనే కూలబడి ఉంది. బిడ్డతో వచ్చే కోడలికి ముందు గుమ్మంలో ఎదురుపోయే అత్తగారు లేదు. అది చూసి నేను లేచాను. నా బిడ్డను ఉయ్యాలలో వేసి, పళ్లెంలో సున్నం, పసుపు కలిపి ఎర్రనీళ్లు చేసి, కర్పూరం వెలిగించి, గడప మీద అడ్డం నిలబడ్డాను. ఆడబిడ్డను నేనున్నాను కదా.

వదిన వచ్చి గడప అవతల ఆగింది. మూడు నెలలకు మొదటిసారి ఆ మొహం ఎదురుగా చూశాను. నెలల కిందట చలిమిడి పళ్లెంతో నిలబడ్డ చోటే నిలబడి ఉంది. ఈసారి గోడకేసి చూడలేదు, నా కళ్లలోకే చూసింది.

దిష్టి తీశాను. ఆడబిడ్డ అడగాల్సిన మాట అడిగాను.

"యాడి నుంచి వస్తా ఉండావు వదినా?"

"పుట్టింటి నుంచి" అంది వదిన.

నేను పక్కకు జరిగి దోవ ఇచ్చాను.