మూడో మాట

గుడ్ ఫ్రైడే రోజు మా సంఘంలో సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలకూ ఏడుగురు ప్రసంగం చేస్తారు. ఆడవాళ్లకు దక్కేది మూడోది ఒక్కటే, "అమ్మా, ఇదిగో నీ కుమారుడు." తల్లి మాట కదా, మాకు పడేశారు. ఈ ఏడాది అది నాకొచ్చింది. ఐర్లండ్‌లోని డ్రోహెడాలో నర్సుగా చేస్తూ ఒంటరిగా ఉంటున్నాను. ఆదివారం మా సంఘం కూడుకునే అద్దె హాల్లో తప్ప నోరారా తెలుగు మాట్లాడే చోటు లేదు. అందుకే పొంగిపోయాను.

రూత్‌ను ఆ రోజు ఆరాధనకు నేనే రమ్మన్నాను. ఇక్కడే పుట్టి పెరిగిన యూదురాలు, లైబ్రరీలో ఆడవాళ్లం కలిసి చదువుకునే చోట పరిచయం. మగవాడి పెత్తనం మీద నిప్పులు చెరిగే ఆ గుంపులోనే ఒకావిడ ఓ రోజు, "ఆడదాన్ని తొక్కిపెట్టే దేవుణ్ణి లోకానికి అంటగట్టింది యూదులే" అంది. ఎవరూ కాదనలేదు. రూత్ మళ్లీ అటు రాలేదు. నేను వాళ్లింటికి వెళ్లి, "మావాళ్లు అలా కాదు. మా పిన్ని పేరు కూడా రూతే. మేం పాడేది మీ కీర్తనలే" అని గొప్పలు పోయాను. పేర్లు పెట్టుకుంటే ప్రేమ ఉన్నట్టే అనుకున్నాను, వెర్రిదాన్ని.

మొదటి మాట మా సంఘ పెద్ద ఏసుదాసు అంకుల్‌ది. క్షమాపణ గురించి మొదలుపెట్టి, "యూదులు ప్రభువుని చంపారండీ! ఆ రక్తం ఇయ్యాల్టికీ ఆళ్ల తలమీదే ఉందండీ!" అని మైకు అదిరేలా అరిచారు. అందరూ ఆమెన్ అన్నారు.

"ఏమంటున్నాడు?" రూత్ నా చెవిలో అడిగింది.

అబద్ధం చెప్పలేక ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె, ఇక్కడివాళ్లు 'సరేలే' అనడానికి వాడే మాట, "గ్రాండ్" అని కోటు తీసుకుని వెళ్లిపోయింది.

నేను కదల్లేదు. రెండో మాట అయ్యేదాకా ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్నాను. పిలిచాక లేచి, రాసుకొచ్చింది పక్కనపెట్టి చెప్పాను.

"మరియమ్మ యూదురాలు. ఆ కొడుకూ యూదుడే. ఒక్క హవ్వ పండు తిందని ఆడవాళ్లందరి నోరూ మూయించారు. సిలువ వేయమని ఒక గుంపు అరిచిందని జాతి మొత్తానికీ నెత్తురు పూశారు. నింద వేసే చెయ్యి రెండు చోట్లా ఒకటేనండీ."

ఎవరో మైకు కట్టేశారు. పులిహోర పంచేటప్పుడు నా పక్క కుర్చీలన్నీ ఖాళీ. ప్రిస్కిల్లా ఆంటీ ఒక్కతే వచ్చి, "నీకెందుకే సంతోషా ఈ గోల? వచ్చే ఏడు ఆ ఒక్క మాటా మనకియ్యరు" అంది. ఆవిడ కోపం న్యాయమే. ఏడుపొచ్చింది నాకు.

తిన్నగా రూత్ ఇంటికి వెళ్లి, లోపలికి రమ్మంటుందన్న ఆశతో గుమ్మంలోనే అంతా చెప్పాను. ఓపిగ్గా విన్నది.

"నేను నీ పక్కన కూర్చున్నప్పుడు ఎందుకు లేవలేదు?"

"అప్పటికి నా వంతు రాలేదు" అన్నాను.

ఆమె తలుపు నెమ్మదిగానే వేసింది.